కొత్త దారికి కొత్త బూట్లు వద్దు

ప్రశ్న: నా వయసు 61 ఏళ్ళు, మా ఆవిడకు 56. గుంటూరులో ఉంటాం. జూన్ రెండో వారంలో మ్యూనిక్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి స్విట్జర్లాండ్, ఇటలీ చూసి రావాలని పదహారు రోజుల ప్రయాణం పెట్టుకున్నాం. ఎక్కువ భాగం ఊళ్ళు చూడటమే అయినా, నాలుగైదు రోజులు కొండదారుల్లో రోజుకు రెండు మూడు గంటలు నడవాల్సి ఉంటుందని అమ్మాయి చెప్పింది. మ్యూనిక్ దగ్గర పార్ట్‌నాక్ లోయ, స్విట్జర్లాండ్‌లో మెన్లిషెన్ నుంచి క్లైనే షైడెగ్ వరకు, ఇటలీలో చింక్వె టెర్రె ఊళ్ళ మధ్య దారి ఆ జాబితాలో ఉన్నాయి. చీలమండ దాకా ఉండే బూట్లు, అవి కూడా నీళ్ళు చొరబడనివే కొనమని అల్లుడి సలహా. పొద్దుటి నడకకు వాడుతున్న నా స్పోర్ట్స్ షూ రెండేళ్ళవి, అవి చాలవా అని నాకు అనుమానం. అలిపిరి మెట్లు నాలుగుసార్లు ఒట్టికాళ్ళతో ఎక్కినదాన్ని, నాకు చెప్పులు చాలని మా ఆవిడ వాదన. ఆమె పాదం వెడల్పు, బొటనవేలి పక్క ఎముక కొంచెం పొడుచుకొచ్చి ఉంటుంది. నాకు తొమ్మిదేళ్ళుగా షుగర్ ఉంది. చేతిసంచి కాక తలా ఒక పెట్టె మాత్రమే తీసుకెళ్తున్నాం. ఎన్ని జతలు పెట్టుకోవాలి, ఏవి పెట్టుకోవాలి? ప్రయాణానికి ఇంకా ఏడు వారాలుంది.

సమాధానం: ముందు మీరు అడిగిన లెక్క చెప్పి, తరువాత కారణాలకు వస్తాను. ఇద్దరూ తలా ఒక జత నడక బూట్లు కొనుక్కోండి. అవి చీలమండకు కిందనే ఆగాలి, అడుగున లోతైన గాళ్ళున్న రబ్బరు అట్ట ఉండాలి. వాటిని కాళ్ళకు వేసుకునే విమానం ఎక్కండి. పెట్టెలో వెనక పట్టీ ఉన్న మంచి శాండిల్స్ ఒక జత, హోటల్ గదిలోకి ఒక జత రబ్బరు చెప్పులు పెట్టుకోండి. అంతకు మించి అవసరం లేదు. మీ పొద్దుటి నడక బూట్లను గుంటూరులోనే ఉంచండి. అల్లుడు గారి సలహాలో సగం మంచిది, మీ శ్రీమతి గారి వాదనలోనూ కొంత న్యాయం ఉంది, కానీ ఇద్దరిలో ఎవరి మాటా పూర్తిగా మీ దారులకు సరిపోదు.

మీరు రాసిన దారులు ఎలాంటివో చూద్దాం. మెన్లిషెన్ నుంచి క్లైనే షైడెగ్ వరకు ఉన్నది సుమారు నాలుగున్నర కిలోమీటర్ల వెడల్పాటి కంకర బాట. పైకి కేబుల్ కారులో వెళ్ళి, ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలను ఎదురుగా చూసుకుంటూ మెల్లగా దిగుతూ పోతారు, కనుక గంటన్నరలో ముగిసే ఈ నడకలో ఆయాసపడే పని తక్కువ. అయితే ఇది సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉన్న దారి. జూన్ మొదటి సగంలో నీడ పడే మలుపుల్లో పాత మంచు మిగిలి ఉండవచ్చు, అది కరిగిన చోట బాట బురదగా ఉంటుంది. బయలుదేరే రోజు పొద్దున దారి తెరిచి ఉందో లేదో కేబుల్ కారు వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

పార్ట్‌నాక్ లోయ సంగతి వేరు. అది దాదాపు ఏడు వందల మీటర్ల పొడవున్న ఇరుకైన రాతి గండి. రాయిని తొలిచి వేసిన బాట మీద, పక్కనే హోరెత్తే ఏటిని చూస్తూ నడుస్తారు. పైనుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి కనుక మండుటెండ కాసిన రోజున కూడా అడుగు కింద రాయి తడిగానే ఉంటుంది. మీ జాబితాలో ఎక్కువమంది తేలికగా తీసుకునేది ఈ దారినే. కాలు జారే అవకాశం ఎక్కువగా ఉన్నది కూడా ఇక్కడే.

ఇక చింక్వె టెర్రె. మోంటెరోస్సో, వెర్నాజ్జా, కోర్నిలియా, మనరోలా, రియోమజ్జోరె అనే ఐదు ఊళ్ళ మధ్య సముద్రం మీదికి ఒరిగిన కొండవాలున, ద్రాక్షతోటల గట్ల వెంబడి సాగే దారి అది. ఫొటోల్లో సముద్రతీర విహారంలా కనిపిస్తుంది. నిజానికి మోంటెరోస్సో నుంచి వెర్నాజ్జా వరకు ఉన్న మూడున్నర కిలోమీటర్లకు దాదాపు రెండు గంటలు పడుతుంది, ఎందుకంటే అందులో చాలా భాగం ఎగుడుదిగుడు రాతి మెట్లే. ఒక మెట్టు జానెడు ఎత్తుంటే దాని పక్కది మూరెడు ఉంటుంది. రైలు దిగి కోర్నిలియా ఊళ్ళోకి నడిచి వెళ్ళాలన్నా 382 మెట్లు ఎక్కాలి. స్నానానికి వచ్చినవాళ్ళు వేలికి తగిలించుకునే చెప్పులతోనే ఈ దారుల్లోకి వచ్చి, పడి, సహాయక బృందాలను పిలిపించుకోవడం ఎక్కువైపోయింది. దానితో 2019లో ఆ జాతీయ ఉద్యానవనం అధికారులు, చెప్పుల వంటి తెరిచిన పాదరక్షలతో కొండదారిలో నడిస్తే 50 యూరోల నుంచి 2,500 యూరోల దాకా జరిమానా వేస్తామని ప్రకటించారు. మీ శ్రీమతి గారికి నా మాటల కన్నా ఈ అంకె బాగా పనిచేయవచ్చు.

స్విట్జర్లాండ్‌లో దారి ఎలాంటిదో మీ అంతట మీరే తెలుసుకునే వీలుంది. అక్కడ దాదాపు 65,000 కిలోమీటర్ల కాలిబాటలకు ఒకే పద్ధతిలో గుర్తులు పెట్టారు. పసుపు రంగు పలక ఒక్కటే ఉంటే మామూలు నడకదారి. దాని కొసన తెలుపు, ఎరుపు, తెలుపు చారలుంటే కొండదారి, అక్కడ గాళ్ళున్న అట్ట తప్పనిసరి. తెలుపు, నీలం, తెలుపు చారలు కనిపిస్తే అది మంచుగడ్డలు, రాతిగోడలు దాటగలిగినవాళ్ళ దారి, మీరు వెనక్కి తిరగండి. పలకల మీద రాసిన సమయంలో ఆగి ఊపిరి పీల్చుకునే నిమిషాలు కలిపి ఉండవు. చదును నేల మీద గంటకు 4.2 కిలోమీటర్ల చొప్పున లెక్కకట్టిన సమయం అది. మనం దానికి సగం కలుపుకోవాలి, ఫొటోలు తీసే అమ్మాయి వెంట ఉంటే ఇంకాస్త ఎక్కువే కలుపుకోవాలి.

ఇప్పుడు అలిపిరి వాదన. మూడున్నర వేల మెట్లు ఒట్టికాళ్ళతో ఎక్కిన మనిషి పిక్కల బలాన్ని నేను శంకించను. ఆమె మీకన్నా బాగా నడుస్తారేమో కూడా. కానీ అలిపిరి దారిలో ప్రతి మెట్టూ చెక్కిన రాయి, చాలా మేరకు పైన కప్పు ఉంటుంది, మొనదేలిన రాళ్ళు గుచ్చుకోవు, అన్నిటికన్నా ముఖ్యంగా అక్కడ ఎక్కేవాళ్ళలో చాలామంది దిగేటప్పుడు బస్సులో దిగుతారు. పాదానికి అసలు పరీక్ష దిగడంలోనే ఉంది. ఎక్కేటప్పుడు శ్రమ ఎక్కువగా పిక్కల మీద పడుతుంది. దిగేటప్పుడు ఒంటి బరువంతా అడుగడుగునా ముందుకు జారి వేళ్ళను బూటు కొసకు నెడుతుంది, కంకర మీద అట్ట పట్టు తప్పితే ఆపుకోవడానికి మోకాలు తప్ప వేరే ఆధారం ఉండదు. మీ దారుల్లో మెన్లిషెన్ నడక అంతా దిగుడే, చింక్వె టెర్రెలో సగం దిగుడు. అందుకే మీకు కావలసిన బూటును ఎక్కే కొండను బట్టి కాక దిగే వాలును, తడి రాయిని బట్టి ఎంచుకోమంటున్నాను.

అలాగైతే చీలమండను పట్టుకునే ఎత్తు బూట్లే మంచివి కదా అని అల్లుడు గారు అడుగుతారు. పది పన్నెండు కిలోల బరువు వీపున వేసుకుని, రోజుకు ఏడెనిమిది గంటలు, బాట సరిగా లేని చోట నడిచేవాళ్ళకు అవి మంచివే. మీ వీపు మీద ఉండేది నీళ్ళ సీసా, గొడుగు, రెండు చపాతీలు. మడమ దగ్గర బిగువుగా కూర్చుని, మెలిపెడితే తేలికగా మెలి తిరగని అట్ట ఉన్న పొట్టి బూటు మీకు చాలినంత స్థిరత్వాన్ని ఇస్తుంది. పైగా ఎత్తు బూటు బరువు, వేడి, ఇరుకు పెట్టె, వీటన్నిటినీ పదహారు రోజులు మోయాలి. అక్కడి స్టేషన్లలో కూలీలు దొరకరు. మెట్ల మీద మీ పెట్టె మీరే ఎత్తుకోవాలి. రోము వీధుల్లో, ఫ్లోరెన్స్‌లో పెద్ద చర్చి గోపురం ఎక్కే 463 మెట్ల మీద జూన్ ఎండలో ఆ బూట్లు వేసుకుని తిరగలేరు, వేసుకోకపోతే పెట్టెలో సగం అవే ఆక్రమిస్తాయి.

ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. మొదటిసారి ఆల్ప్స్‌కు వెళ్ళినప్పుడు, చూడగానే పర్వతారోహకుణ్ణని అనిపించే తోలు బూట్లు కొన్నాను. వాటి అట్టపెట్టెను స్విట్జర్లాండ్‌లోని లౌటర్‌బ్రున్నెన్ అనే ఊళ్ళో హోటల్ గదిలో విప్పాను. మర్నాడు నడిచింది లోయ మధ్యలో బల్లపరుపుగా ఉన్న తారు రోడ్డు, చిన్నపిల్లల తోపుడు బళ్ళు కూడా వెళ్ళే దారి. నాలుగో కిలోమీటరు దగ్గర రెండు మడమలూ బొబ్బలెక్కాయి. మూడు వందల మీటర్ల ఎత్తు నుంచి దూకే స్టౌబ్‌బాక్ జలపాతాన్ని నేను బెంచీ మీద కూర్చుని, బూట్లు పక్కన పెట్టి, సాక్సుకు అంటిన రక్తాన్ని చూసుకుంటూ చూశాను. మిగతా నాలుగు రోజులూ రబ్బరు చెప్పులతోనే గడిచాయి. బూట్ల తప్పు ఏమీ లేదు. వాటికీ నాకూ అప్పటికి పరిచయం కాలేదు, అంతే.

నీళ్ళు చొరబడని బూట్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో మీ చేత ఎక్కువ డబ్బు పెట్టించేది ఈ మాటే. ఆ బూట్ల లోపల గోర్‌టెక్స్ వంటి పలుచని పొర ఒకటి ఉంటుంది. దాని రంధ్రాలు నీటిచుక్క దూరలేనంత చిన్నవి, చెమట ఆవిరి పోగలిగినంత పెద్దవి. ఆవిరి బయటికి పోవాలంటే బయటి గాలి లోపలికన్నా చల్లగా, పొడిగా ఉండాలి. అక్టోబరులోనో, ఏప్రిల్‌లోనో వెళ్ళేవాళ్ళకు, మంచులో నడిచేవాళ్ళకు అది ఎంతో మేలు చేస్తుంది. జూన్‌లో ఇటలీ తీరంలో అదే పొర పాదాన్ని ఉడికిస్తుంది. పైనుంచి, అంటే చీలమండ దగ్గరి నోటి గుండా ఒకసారి నీళ్ళు లోపలికి పోతే ఆ పొర వాటిని బయటికి పోనివ్వదు కూడా, బూటు ఆరడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. జాలీ గుడ్డతో చేసిన మామూలు నడక బూటు వానలో పది నిమిషాల్లో తడుస్తుంది, నిజమే. కానీ లోపలి అట్ట తీసి, పాత న్యూస్‌పేపరు ఉండలు చుట్టి కూరి, రెండు గంటలకోసారి మార్చి పెడితే తెల్లారేసరికి వేసుకునే స్థితికి వస్తుంది. హీటరు మీద పెట్టకండి, హెయిర్ డ్రయ్యరు కొట్టకండి, అట్టను అంటించిన జిగురు వదిలిపోతుంది. మీరు వెళ్ళేది జూన్‌లో గనుక, సాయంత్రానికి హోటల్‌కు తిరిగి వస్తారు గనుక, ఆ పొర లేని బూట్లే కొనమంటాను. 3,454 మీటర్ల ఎత్తున, మంచుకొండల మధ్య ఉన్న రైల్వే స్టేషన్ యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కు కూడా వెళ్ళే ఆలోచన ఉంటే, అక్కడ మంచు మీద నిలబడేది కాసేపే, మిగతా సమయమంతా భవనం లోపలే. సాక్సు ఒక జత అదనంగా సంచిలో వేసుకుంటే సరిపోతుంది.

మీ రెండేళ్ళ స్పోర్ట్స్ షూను ఒకసారి తిరగేసి చూడండి. మడమ బయటి అంచు ఒక పక్కకు అరిగి ఉంటుంది, మధ్య భాగం నున్నగా మెరుస్తూ ఉంటుంది. పార్కు బాట మీద, తారు రోడ్డు మీద నడవడానికి చేసిన అట్టకు గాళ్ళు మొదటినుంచీ తక్కువే. కొత్తగా ఉన్నప్పుడు కూడా అవి తడి రాయి కోసం చేసినవి కావు. బూటును రెండు చేతులతో పట్టుకుని తువాలు పిండినట్టు మెలిపెట్టండి. పూర్తిగా మెలి తిరిగిందంటే, కంకర మీద మీ పాదం కూడా అలాగే మెలి తిరుగుతుంది. కొండదారి బూటు వేళ్ళ దగ్గర వంగాలి, నడుము దగ్గర వంగకూడదు.

దీనికి తోడు, ఇంట్లో ఎక్కడో అటక మీద పాత ట్రెకింగ్ బూట్లు ఉన్నాయని ఎవరైనా బంధువులు ఇవ్వబోతే మర్యాదగా వద్దనండి. మా బావగారు కాకినాడలో నాలుగేళ్ళు అట్టపెట్టెలో దాచిన, ఐదారుసార్లు కూడా వేసుకోని బూట్లతో నాతో కొండకు వచ్చారు. చూడటానికి కొత్తవే. గంట నడిచాక ఎడమ బూటు అట్ట మడమ దగ్గర మొసలిలా నోరు తెరిచింది. దిగేలోగా మొత్తం ఊడి వచ్చేస్తే మా అక్క చున్నీతో కట్టి దింపాం. చాలా బూట్లలో పాదానికీ రబ్బరుకూ మధ్య పాలీయూరిథేన్ నురుగు పొర ఉంటుంది. గాలిలోని తేమ ఏళ్ళ తరబడి అందులోకి చేరి, దాని అణువుల పట్టును తెంచి, పొడి పొడిగా చేస్తుంది. వాడుతున్న బూట్ల కన్నా వాడకుండా దాచిన బూట్లలోనే ఇది ఎక్కువగా జరుగుతుందన్నది వినడానికి వింతగా ఉంటుంది, కానీ నిజం. మన కోస్తా గాలికి అటక మీది బూటు ఆయుష్షు తక్కువ.

కొనేటప్పుడు సాయంత్రం వెళ్ళండి. పగలంతా తిరిగాక పాదం కొంత ఉబ్బుతుంది, దారిలో కూడా అంతే ఉబ్బుతుంది. మీరు అక్కడ వేసుకోబోయే సాక్సుతోనే వెళ్ళండి. ముందు బూటు లోపలి అట్టను బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. పాదం ఎక్కడైనా అట్ట దాటి బయటికి వచ్చిందంటే ఆ బూటు ఆ చోట కరుస్తుంది. "నాలుగు రోజులు వేసుకుంటే సాగుతుందండీ" అని అబ్బాయి చెప్పే మాట తోలు చెప్పుల కాలం నాటిది. ఇప్పటి కృత్రిమ వస్త్రం సాగదు. మీ శ్రీమతి గారికి ఈ పరీక్ష మరీ ముఖ్యం. బొటనవేలి పక్క ఎముక ఉన్న చోట గట్టి కుట్టు గానీ, ప్లాస్టిక్ పట్టీ గానీ రాకూడదు, మెత్తని జాలీ మాత్రమే ఉండాలి. ఆడవాళ్ళ కోసం చేసే బూట్లు చాలావరకు సన్నపాటివి. వాటిలో పట్టకపోతే మొహమాటపడకుండా మగవాళ్ళ వరుసలో చిన్న సైజు అడగమనండి. అవే బూట్లు, రంగు మాత్రం బూడిదో, నలుపో.

బూటు వేసుకుని, లేసులు కట్టకముందు పాదాన్ని ముందుకు నెట్టి, మడమ వెనక ఒక వేలు దూరుతుందేమో చూడండి. తరువాత మడమను వెనక్కి ఆనించి లేసులు కట్టి, పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండేలా చూసుకోండి. మామూలు చెప్పుల సైజు కన్నా ఇది అర సైజో, ఒక సైజో ఎక్కువే అవుతుంది. దుకాణంలో వాలు బల్ల ఉంటే దాని మీద కిందికి దిగండి, లేకపోతే మెట్ల అంచున మడమలు ఆనించి ముందుకు వంగండి. వేళ్ళు కొసకు తగిలితే పెద్ద సైజు అడగండి. అంకెలను మాత్రం నమ్ముకోకండి. మన దగ్గర వాడే ఇంగ్లండు పద్ధతిలో సైజుకూ సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. యూరప్ పద్ధతిలో 6.67 మిల్లీమీటర్లు. అందుకే 8 అంటే 42 అని ఒక కంపెనీ, 42.5 అని ఇంకో కంపెనీ వేస్తాయి. అట్ట మీద విబ్రమ్ అనే పసుపు ముద్ర కనిపిస్తే ఆ రబ్బరు మంచిదే. 1935లో ఆల్ప్స్‌లో తన తోటి అధిరోహకులు ఆరుగురు చనిపోయిన తరువాత, మేకులు కొట్టిన తోలు అట్టలకు బదులుగా గాళ్ళు ఉన్న రబ్బరు అట్టను తయారుచేసిన ఇటలీవాడు విటాలె బ్రమాని పేరులోంచి వచ్చిందది. అయితే ఆ ముద్ర లేకపోయినా మీ అవసరానికి నష్టం లేదు. గాళ్ళు నాలుగైదు మిల్లీమీటర్ల లోతు ఉండి, రబ్బరును గోటితో నొక్కితే కొంచెం లొంగితే చాలు. గాజులా గట్టిగా ఉన్న రబ్బరు తడి రాయి మీద జారుతుంది.

సాక్సు విషయంలో పొదుపు చేయకండి. మనం చల్లగా ఉంటుందని నమ్మే నూలు సాక్సు చెమటను పీల్చుకుని అలాగే ఉండిపోతుంది. తడిసి మెత్తబడిన చర్మం మీద ఆ తడి గుడ్డ రాపిడే బొబ్బకు మూలం. మెరినో ఉన్నివి గానీ, నైలాను, పాలియెస్టరు కలిసినవి గానీ తలా మూడు జతలు తీసుకోండి. రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దునకు ఆరిపోతాయి. బూటు పైన చివర ఖాళీగా వదిలేసే అదనపు లేసు రంధ్రం ఒకటి ఉంటుంది, చూశారా? అది అలంకారం కాదు. లేసును పక్క రంధ్రం నుంచి అదే వైపున్న ఆ పై రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండో వైపూ అలాగే చేసి, ఒక వైపు లేసు కొసను ఎదుటి ఉచ్చులోంచి లాగి బిగించండి. మడమ కదలకుండా కూర్చుంటుంది. దిగే దారికి ముందు ఒక నిమిషం ఆగి ఇలా కట్టుకుంటే వేలిగోళ్ళు నల్లబడవు.

మీకున్న షుగర్ గురించి వేరుగా చెప్పాలి. తొమ్మిదేళ్ళ షుగర్‌లో కొందరికి పాదాల స్పర్శ తెలియకుండానే తగ్గుతుంది. బూటు కరుస్తున్న సంగతి కాలు చెప్పదు, సాయంత్రం సాక్సు విప్పితే కన్ను చెబుతుంది. వెళ్ళే ముందు మీ డాక్టరు గారిని పాదాలు పరీక్షించమని అడగండి. సన్నని నైలాను పోగుతో అరికాలిని తాకి చూసే ఆ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. స్పర్శ తగ్గిందని ఆయన అంటే, ఏ బూట్లు కొనాలో, ఎంత దూరం నడవాలో నా మాట పక్కన పెట్టి ఆయన చెప్పినట్టే చేయండి. స్పర్శ బాగున్నా సరే, వేసుకునే ముందు ప్రతిసారీ బూటును బోర్లించి దులపండి, రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు, వేళ్ళ సందులు ఇద్దరూ ఒకరివొకరు చూసుకోండి, ఇటలీ బీచిలోనైనా, హోటల్ బాత్‌రూములోనైనా ఒట్టికాళ్ళతో నడవకండి. నడుస్తుండగా ఎక్కడైనా వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపిస్తే, ఇంకో అర కిలోమీటరే కదా అనుకోకుండా అక్కడే కూర్చుని ఆ చోట టేపు వేసుకోండి. బొబ్బ లేచినా పొడవకండి. అక్కడ ఆకుపచ్చ సిలువ గుర్తున్న ఏ మందుల షాపులోనైనా బొబ్బల మీద అతికించే జెల్ ప్లాస్టర్లు దొరుకుతాయి. అవి మీ శ్రీమతి గారికి నిశ్చింతగా వాడవచ్చు, మీకు వాడాలో లేదో మాత్రం డాక్టరు గారిని ముందే అడిగి పెట్టుకోండి.

బూట్లను కాళ్ళకు వేసుకుని విమానం ఎక్కమన్నది పెట్టె బరువు కోసమే కాదు. పెట్టె ఒక రోజు ఆలస్యంగా చేరినా, మిగతా బట్టలన్నీ మ్యూనిక్‌లో కొనుక్కోవచ్చు గానీ, కాలికి అలవాటైన బూటు మాత్రం కొంటే దొరకదు. విమానంలో కూర్చోగానే లేసులు పూర్తిగా వదులు చేయండి, పాదాలు ఉబ్బుతాయి. శాండిల్స్ లోపల సాక్సు కూరి, అడుగులు బయటికి వచ్చేలా గుడ్డసంచిలో పెట్టి, పెట్టె అంచున సర్దండి. ఊతకర్రలు తీసుకెళ్తే చేతిసంచిలో కాక పెద్ద పెట్టెలోనే పెట్టండి. మీ మోకాళ్ళు ఇప్పటికే ఇబ్బంది పెడుతుంటే ఒక్క కర్ర అయినా తీసుకెళ్ళమంటాను, మెన్లిషెన్ దిగుడులో దాని విలువ తెలుస్తుంది.

ఏడు వారాలు ఉన్నాయి గనుక ఈ వారమే కొనండి. మొదటి వారం ఇంట్లో, గచ్చు మీద, రోజుకు గంట వేసుకుని తిరిగితే, కరిచే బూటైతే అప్పుడే బయటపడుతుంది, అట్ట మాయకుండా ఉంటుంది గనుక దుకాణం వాళ్ళు మార్చి ఇస్తారు. తరువాత మూడు వారాలు పొద్దుటి నడకకు ఇవే. ఆ పైన వారానికి ఒకసారి కొండవీడు వెళ్ళండి. మే ఎండలు కాబట్టి తెల్లవారకముందే బయలుదేరి, ఏడున్నరకల్లా కిందికి వచ్చేయాలి. ఎక్కడానికి వాహనం వాడినా నేను తప్పు పట్టను, దిగడం మాత్రం నడిచే దిగండి. ఒకసారి సాక్సుతో సహా బూట్లను కొళాయి కింద తడిపి, ఆ తడితోనే అరగంట నడిచి చూడండి. పార్ట్‌నాక్‌లో ఎలా ఉంటుందో కొంతవరకు అర్థమవుతుంది. ఇద్దరికీ బూట్లు యాభై, అరవై కిలోమీటర్లు తిరిగి ఉంటే నిశ్చింతగా బయలుదేరవచ్చు.

మీ ఉత్తరం చివర పెన్సిలుతో, వేరే చేతిరాతలో, "చీర మీద బూట్లు వేసుకుంటే నవ్వరా?" అని ఒక వాక్యం ఉంది. అమ్మా, అక్కడ ఎవరూ నవ్వరు, చీరను చూసి ఫొటో అడుగుతారు, అంతే. కానీ కొండదారిలో దిగేటప్పుడు కుచ్చిళ్ళు కాలి ముందు పడి, అడుగు వేసే చోటు కనిపించదు. అందుకని ఆ నాలుగైదు రోజులు సల్వారో, ప్యాంటో వేసుకుని, ఫ్లోరెన్స్‌లో, రోములో చీర కట్టుకుని శాండిల్స్ తొడుక్కోండి. ఆ శాండిల్స్ అడుగు నున్నగా ఉండకూడదు సుమా. రోము వీధుల్లో పరిచిన నల్లరాళ్ళు చిన్న వానకే సబ్బు రాసినట్టు అవుతాయి, వాటి మధ్య సందుల్లో సన్నని మడమ ఇరుక్కుంటుంది.